బొమ్మ పడ్డదా?

ప్రశ్న: మాది కల్వకుర్తి. మా ఆయనకు 40 ఏళ్లు. మా మామ పోయి 8 నెలలైంది. అప్పటిసంది రోజూ రాత్రి 11 దాటినంక మిద్దె మీదికి పోయి ఫోన్ల చిన్నప్పటి జంగిల్ బుక్ చూస్తుండు. ఒక్కోరోజు 2 గంటలైతది. తొమ్మిదేళ్ల కొడుకును పక్కన కూసోబెట్టుకొని చూడుమంటడు. వాడు నడుమ లేసిపోయిండని మొన్న చెయ్యి చేసుకున్నడు. ఎందుకిట్ల అని అడిగితే "మా నాయిన మిద్దెక్కి ఆంటెన్నా తిప్పుతుంటే చూసినం దీన్ని" అంటడు, అంతే. ఈయనకేమన్న పిచ్చి పడుతున్నదా? మా అత్తమ్మకు చెప్పాల్నా?

జవాబు: పిచ్చి కాదు చెల్లెమ్మా. ఆంటెన్నా మాట చదివి నేను చాలాసేపు ఆగిపోయాను.

1993లో దూరదర్శన్‌లో జంగిల్ బుక్ వచ్చేనాటికి మీ ఆయనకు ఏడెనిమిదేళ్లు. జపాన్‌లో గీసిన బొమ్మలు, హిందీ మాటలు, షేర్‌ఖాన్‌కు నానా పటేకర్ గొంతు. వారానికి ఒక్కసారి, ఆదివారం పొద్దున. గాలి కొడితే ఆంటెన్నా తిరిగిపోయి తెర నిండా చుక్కలే. అప్పుడు ఇంటి పెద్ద మిద్దెక్కేవాడు. పైనుంచి "బొమ్మ పడ్డదా?" అని కేక. కిందినుంచి పిల్లలు "ఇంకా లే... ఆఁ, పడ్డది, పడ్డది!" ఆంటెన్నా పైపు వదిలితే బొమ్మ మళ్లీ పోయేది. అందుకని అట్లాగే పట్టుకొని నిలబడేవాడు. నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను. కింద పిల్లలు మోగ్లీని చూస్తున్నంతసేపూ మీ మామ పైన ఎండలోనే ఉండి ఉంటారు. మీ ఆయన ఇంట్లో కాకుండా మిద్దె మీదే ఎందుకు కూర్చుంటున్నాడో ఇప్పుడు మీకే తెలుస్తుంది. తలకొరివి పెట్టిన కొడుక్కి దినాలు అయ్యేదాకా బియ్యం, టెంటు, చుట్టాల లెక్కలే సరిపోతాయి. ఏడ్వడానికి వేళ దొరకదు.

అయినా పిల్లవాణ్ణి కొట్టడం తప్పే. బాధలో ఉన్నాడు కదా అని సర్దుకోకండి. పిల్లవాడు ఇంట్లో లేనప్పుడు, పగటిపూట, మీ ఆయనకు సూటిగా చెప్పండి: "నీ బాధ నాకెరుకే. కానీ వాని మీద చెయ్యి లేస్తే నేను ఊకోను." వాడికి మోగ్లీతో ఏం పని? వారమంతా ఎదురుచూసి చూసిన కార్టూన్ కాదది వాడికి. తాత పోయిన బాధ మాత్రం వాడికీ ఉంది. చూడమని కూర్చోబెట్టే బదులు, తాత మిద్దె మీద ఎట్లా నిలబడేవాడో చూపించమనండి. ఆ పైపు ఇంకా ఉందేమో వెతకండి. చాలా ఇళ్లల్లో దానికి బట్టల తాడు కట్టి ఉంటుంది.

ఈ రాత్రి మీరే పైకి వెళ్లండి. ఫోన్ గుంజుకోవద్దు. పక్కన కూర్చొని, "మామ ఏడ నిలబడుతుండె?" అని అడిగి ఊరుకోండి. చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఓదార్చకండి, చెప్పనివ్వండి.

రెండు మూడు వారాలైనా నిద్ర కుదరకపోతే, తిండి తగ్గితే, మందు మొదలైతే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. బతికి ఏం లాభం లాంటి మాట నోట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416కు ఏ వేళలో చేసినా తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ముందు మీరే చేసి అడగవచ్చు.

అత్తమ్మకు చెప్పండి, ఫిర్యాదులా మాత్రం వద్దు. ఓపిక ఉంటే ఆమెనూ మిద్దె మీదికి తీసుకెళ్లండి. "పడ్డది, పడ్డది" అని కిందినుంచి అరిచిన గొంతుల్లో ఆమెదీ ఉండే ఉంటుంది.