ఆ రివాల్వర్‌లో ఏ తూటా?

తమ్ముడికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి చదివాను. విజయవాడలోని ఆ పెద్దింటిని, అన్నదమ్ముల మధ్య పగను నమ్మేలా రాశావు. అందుకే హత్య జరిగిన రాత్రి దగ్గరికి వచ్చేసరికి నాకు బాధ కలిగింది. రిటైరైన ఇంజనీరు లైసెన్సున్న తన పాయింట్ 38 రివాల్వర్‌లో 9 ఎంఎం తూటాలు నింపాడని, కాల్చగానే ఖాళీ షెల్ నేల మీద పడిందని రాశావు. తుపాకీ గురించి తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

మన దేశంలో పాయింట్ 38, 9 ఎంఎం రెండూ నిషిద్ధ బోరు, అంటే నిషేధించిన గొట్టం కొలత, కిందికి వస్తాయి. మామూలు పౌరుడికి వాటికి లైసెన్సు ఇవ్వరు. నీ ఇంజనీరు దగ్గర ఉండదగినది కాన్పూరు ప్రభుత్వ కర్మాగారంలో తయారైన పాయింట్ 32. కాన్పూరులోనే 2014లో మహిళల కోసమంటూ తెచ్చిన నిర్భీక్ కూడా పాయింట్ 32 రివాల్వరే. పాయింట్ 38 కావాలనే పట్టుదల ఉంటే, అది ఆ ఇంటికి ఎలా చేరిందో చెప్పాలి. బ్రిటిష్ సైన్యం 1932లో ఎన్‌ఫీల్డ్ పాయింట్ 38ని స్వీకరించింది. ఆ రోజుల నాటి ఆయుధం తాతగారి ట్రంకుపెట్టెలో మిగిలిపోయిందంటే కథ ఇంకో మలుపు తీసుకుంటుంది.

ఇక తూటా. రివాల్వర్ తూటాకు అడుగున అంచు బయటికి పొడుచుకొని ఉంటుంది. తూటాలు పట్టి తిరిగే సిలిండర్ గదిలో అది ఎంత లోతుకు దిగాలో నిర్ణయించేది ఆ అంచే. కాల్చాక ఖాళీ షెల్‌ను పట్టి బయటికి నెట్టేదీ దాని ఆసరాతోనే. 9 ఎంఎం తూటాకు అలా పొడుచుకొచ్చే అంచు లేదు, అది పిస్టల్ కోసం, అంటే సిలిండర్ లేకుండా కాల్చగానే ఖాళీ షెల్‌ను తానే విసిరేసే తుపాకీ కోసం పుట్టినది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు పాయింట్ 45 పిస్టల్ తూటాలను రివాల్వర్‌లో వాడాల్సి వచ్చి, మూడేసి తూటాలను పట్టి ఉంచే అర్ధచంద్రాకారపు క్లిప్పులు చేసుకున్నారు. నీ ఇంజనీరుకు ఆ వెసులుబాటు లేదు.

అంకె ఒకటైతే చాలదు, ఇది బాగా గుర్తుపెట్టుకో. పాయింట్ 32లోనే రివాల్వర్ తూటా వేరు, పిస్టల్ తూటా వేరు. కాన్పూరు రివాల్వర్‌కు కావలసింది పాయింట్ 32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, 1896 నాటి రకం. అదే బోరు పిస్టల్‌కు వాడే ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్) తూటా అంచు సన్నం, పీడనం ఎక్కువ. చూడటానికి సరిపోయేలా ఉన్నా రివాల్వర్‌లో పెట్టకూడదు. అమెరికాలో పాయింట్ 357 మాగ్నమ్ రివాల్వర్‌లో పాయింట్ 38 స్పెషల్ తూటా నిక్షేపంగా పేలుతుంది. మాగ్నమ్ తూటాను పాయింట్ 38 రివాల్వర్‌లో పెడతానంటే కుదరదు. 1935లో మాగ్నమ్ వచ్చినప్పుడే దాని షెల్‌ను సుమారు 3 మిల్లీమీటర్లు పొడవు పెంచారు, ఆ పీడనం తట్టుకోలేని పాత తుపాకుల్లో అది దూరకుండా. ఈ ఒక్క వివరం మీద నువ్వు ఒక అధ్యాయమే నడపవచ్చు.

ఆ నేల మీది షెల్ తీసెయ్యి. రివాల్వర్ షెల్‌ను విసిరెయ్యదు, హంతకుడు సిలిండర్ తెరిచి ఖాళీ చేసేదాకా అది లోపలే ఉంటుంది. ఇన్‌స్పెక్టర్‌కు దొరికేది గోడలోనో ఒంటిలోనో దిగిన సీసపు గుండు మాత్రమే. గొట్టం లోపలి గాడులు దాని మీద వేసిన గీతల మెలి ఎటు తిరిగిందో నిపుణులు చూస్తారు: కోల్ట్ కంపెనీ తుపాకీదైతే ఎడమకు, స్మిత్ అండ్ వెసన్‌దైతే కుడికి. సైలెన్సర్ కూడా వద్దు. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఉన్న సందులోంచి చప్పుడు బయటికి వచ్చేస్తుంది. ఆ సందును మూసే రష్యన్ నాగాంట్ లాంటివి చాలా అరుదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది లైసెన్సు పుస్తకం. తూటాలు ఎన్ని కొనవచ్చో దానికి పరిమితి ఉంటుంది, కొన్న ప్రతిసారీ దుకాణదారు అందులో ఎక్కిస్తాడు. నీ అన్నదమ్ముల కథకు సరిపోయే సాక్ష్యం ఇదే: ఇంట్లో ఉండాల్సినన్ని తూటాలు లేవు, కాల్చినట్టు ఎవరూ ఒప్పుకోరు. లైసెన్సున్న ఆయుధాల దుకాణానికి వెళ్లి, రచయితనని చెప్పి ఆ పుస్తకం ఎలా ఉంటుందో, ఏమేం రాస్తారో అడిగి తెలుసుకో. తర్వాత హత్య అధ్యాయాన్ని పాయింట్ 32తో మళ్లీ రాయి. ఆ తక్కువైన తూటా కథలోని తమ్ముడి చేతికి ఎప్పుడు, ఎలా వచ్చిందో తేల్చుకున్నాకే నాకు పంపు.

శుభాకాంక్షలతో,
మీ అన్నయ్య