ఎంజీబీ ఫస్ట్ గేర్ గరగర: గేర్‌బాక్స్ పోలేదండీ

మీరు కొన్న 1966 ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) మెల్లగా కదులుతుండగా ఫస్ట్ గేర్ వేస్తే గరగరమంటోందని, యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే ఓ క్షణం తడబడుతోందని, గేర్‌బాక్స్ పోయిందేమోనని రాశారు. అంత టెన్షన్ పడకండి.

ఆ కాలపు ఎంజీబీల్లో ఫస్ట్ గేర్‌కి సింక్రోమెష్ (గేర్ల వేగాలు కలిపి మెత్తగా పడేలా చేసే ఏర్పాటు) లేదు. 1967 చివర్లో మార్క్ 2 మోడల్ వచ్చాకే పెట్టారు. అందుకని బండి పూర్తిగా ఆగాకే ఫస్ట్ వేయండి. ఆగి ఉన్నా గరగరమంటే, క్లచ్ నొక్కి ముందు సెకండ్‌లోకి లాగి, వెంటనే ఫస్ట్‌లోకి తోయండి. మెత్తగా పడుతుంది. నా చేతికి ఇది అలవాటు కావడానికి పదిహేను రోజులు పట్టింది.

తడబాటుకి, ఇంజిన్‌కి గాలీ పెట్రోలూ కలిపి పంపే ఎస్‌యూ కార్బ్యురేటర్లు రెండూ చూడండి. పైనున్న మూత విప్పి తీస్తే దాని కింద సన్నటి కడ్డీ వస్తుంది. ఆ కడ్డీ దిగే గొట్టంలో నూనె లేకపోతే కార్బ్యురేటర్‌లోని పిస్టన్ ఒక్కసారిగా పైకి లేచి, గాలి ఎక్కువై పెట్రోల్ చాలదు. 20 గ్రేడ్ ఇంజిన్ నూనె కొద్దిగా పోయండి. మూత దించుతుంటే, మరలు అందుకోకముందే చేతికి అడ్డు తగలాలి. చాలాసార్లు ఇంతటితోనే తడబాటు పోతుంది.

ఇంగ్లండ్‌లో అయితే మామూలు పెట్రోల్ 2021 నుంచి ఈ10, అంటే పది శాతం వరకు ఇథనాల్ కలిపినది. పాత రబ్బరు గొట్టాలకి అది పడదు, ఈ5 (ఐదు శాతం వరకే ఇథనాల్ ఉన్నది) పోయించండి.

నాకు అసలు భయం డోర్ల కింద పొడవునా ఉండే రేకు భాగాలు, అంటే సిల్స్, తుప్పు పట్టాయేమోనని. ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఆధారం. ఓ చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోని చోటు (తుప్పుని పుట్టీతో కప్పి ఉండొచ్చు) కనబడితే ఫోటో పెట్టండి, ఎంతవరకు కోయించాలో చెప్తాను.