ఇసబ్‌గోల్ సంగతి సరే, ఆ రక్తం సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 49. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను, రోజంతా షాపులో కూర్చునే పని. ఏడాదిగా మలబద్ధకం ఉంది, రోజూ రాత్రి రెండు చెంచాల ఇసబ్‌గోల్ వేసుకుంటున్నాను. ఈ పొట్టు కడుపులో జెల్‌లా మారి పేగులకు అతుక్కుపోతుందని, అదే పేరుకుని క్యాన్సర్ అవుతుందని ఫోన్‌లో ఒక వీడియో చూశాను. నిజమేనా? మానేయాలా? పైల్స్ ఉన్నాయి, అప్పుడప్పుడు రక్తం పడుతుంది, మెడికల్ షాపులో ఇచ్చిన ట్యాబ్లెట్లు, ఆయింట్‌మెంట్ వాడుతున్నాను. హిమోగ్లోబిన్ 9.2 వస్తే ఐరన్ ట్యాబ్లెట్లు కూడా మొదలుపెట్టాను. మా పెదనాన్న పేగు క్యాన్సర్‌తోనే పోయారు, అందుకే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు అడిగింది పొట్టు గురించి. నాకు కంగారు పుట్టింది మాత్రం మాటవరసకు రాసినట్టు రాసిన ఆ హిమోగ్లోబిన్ చూసి. మగవాళ్లకు 13కు పైన ఉండాల్సింది 9.2 ఉందంటే ఐరన్ ట్యాబ్లెట్ వేసుకుని ఊరుకుంటే సరిపోదు, అసలు రక్తం ఎటు పోతోందో చూడాలి. ఆడవాళ్లలో అయితే నెలసరి కారణం కావచ్చు. మీ వయసు మగవాళ్లలో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) చేసి ఐరన్ లోపమే అని తేలితే, కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో పైనుంచి ఎండోస్కోపీ, కిందనుంచి కొలనోస్కోపీ రెండూ చేయించమంటాం.

పైల్స్ ఉన్నాయని రాశారు. ఎవరు చూసి చెప్పారు? డాక్టర్ గ్లౌజు వేసుకుని వేలితో పరీక్ష చేశారా, ప్రాక్టోస్కోప్ (మలద్వారంలోంచి లోపలికి చూసే చిన్న గొట్టం) పెట్టి చూశారా? మీ ఉత్తరంలో మెడికల్ షాపు తప్ప డాక్టర్ మాట ఎక్కడా లేదండీ. కౌంటర్ దగ్గర నిలబడి, పక్కవాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించి "మోషన్‌లో బ్లడ్ వస్తోంది" అంటే అవతలి కుర్రాడు ఒక ట్యూబు, పది రోజుల ట్యాబ్లెట్లు కవర్లో వేసి ఇస్తాడు, తగ్గకపోతే ఇంకో ట్యూబు. అతన్ని అని లాభం లేదు, పరీక్ష చేయడం అతని పని కాదు. సగం నొక్కిన ఆయింట్‌మెంట్ ట్యూబులు కవరుతో సహా నా టేబుల్ మీద పెట్టి "అన్నీ వాడేశానండీ" అనే వాళ్లు నాకు కొత్త కాదు, వాళ్లలో కొందరైతే ఆ విషయం ఇంట్లో భార్యకు కూడా చెప్పి ఉండరు. అలా వచ్చినవాళ్లలో చాలామందికి నిజంగా పైల్సే ఉంటాయి, ఈ మాట ముందే చెబుతున్నాను, లేకపోతే ఈ రాత్రి మీకు నిద్ర పట్టదు. కానీ కొందరికి పైల్సూ ఉంటాయి, ఆ పైన పేగులో గడ్డా ఉంటుంది. పైల్స్ కనబడ్డాయి కదా అని అక్కడితో ఆగిపోతే రెండోది దాక్కునే ఉంటుంది.

ఇంకో చిక్కుంది. పేగులో గడ్డ నుంచి రక్తం రోజూ పడాలని రూలేమీ లేదు, వారం పడి నెల ఆగుతుంది, ఆ నెలలో ఏ మందు వాడుతుంటే దానివల్లే తగ్గిందనుకుంటాం. ఇసబ్‌గోల్ వేసుకుంటే మలం మెత్తబడుతుంది, ఒరిపిడి తగ్గుతుంది, రక్తమూ తగ్గినట్టే ఉంటుంది. పైగా ఐరన్ ట్యాబ్లెట్లకు మలం నల్లగా వస్తుంది కాబట్టి ఏది మందు రంగో ఏది పాత రక్తమో మీకు తెలియదు. మిమ్మల్ని చూడకుండా రాస్తున్నాను, కాబట్టి క్యాన్సర్ అని నేను అనట్లేదు, కాదనీ అనలేను. చూపించుకోకుండా ఏడాది గడిచిపోయిందే, నా కోపమల్లా దాని మీద.

ఇక ఆ వీడియో. గ్లాసు నీళ్లలో చెంచాడు పొట్టు వేసి పది నిమిషాలు వదిలేయండి, సబ్జా గింజల్లా ఉబ్బి ముద్ద కడుతుంది. అందులో ఉండేది అరబినోక్సైలాన్ అనే చక్కెరల గొలుసు, బాగా పొడవు, పక్కలనుంచి చిన్న చిన్న కొమ్మలు. నీళ్లు తగలగానే గొలుసులు విచ్చుకుని ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి, మధ్యలో నీళ్లు ఇరుక్కుపోతాయి, జెల్ అంటే అంతే. మన ఎంజైములకు అది అరగదు, పేగులోని బ్యాక్టీరియా కూడా పెద్దగా తినలేవు, అందుకే ఆ నీటిని పట్టుకునే మలంతో బయటికి వెళ్లిపోతుంది. పేగుకు అతుక్కుని పేరుకోదు, క్యాన్సర్ తెస్తుందనడానికి ఆధారమూ లేదు. ఇబ్బందల్లా నీళ్లు చాలకపోతేనే. పొడిగా నోట్లో పోసుకుని రెండు గుక్కలు తాగితే గొంతులోనే ఉబ్బొచ్చు, పేగు ఎక్కడైనా సన్నబడి ఉంటే అక్కడ అడ్డం పడొచ్చు. మీ పేగు సన్నబడిందో లేదో ఇంకా ఎవరూ చూడలేదు కాబట్టి, చూపించుకునేదాకా డోసు మాత్రం మీ అంతట మీరు పెంచకండి. మిగతా ట్యాబ్లెట్లకూ పొట్టుకూ రెండు గంటలు ఎడం ఉంచండి, ఆ ముద్దలో మందు చిక్కుకుంటే సరిగా ఒంటికి పట్టదు.

ఈ వారంలోనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టునో సర్జన్‌నో కలవండి. "క్యాన్సర్ బ్లడ్ టెస్ట్" అని ప్యాకేజీలో సీఈఏ (రక్తంలో ఒక ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష) చేయించుకుని, నార్మల్ వచ్చిందని ఇంట్లో కూర్చోవద్దు, అది చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి పనికొచ్చేదే కానీ జబ్బు లేదని తేల్చేది కాదు. కొలనోస్కోపీకి మత్తు ఇస్తారు, అరగంట పని. కష్టమల్లా ముందురోజు తాగే ఆ లీటర్ల మందు నీళ్లే. అందులో ఉండే పాలీఇథిలీన్ గ్లైకాల్ కూడా పొడవాటి గొలుసే, జెల్ కట్టదు గానీ నీటిని వదలదు, రక్తంలోకీ పెద్దగా పోదు, అందుకే తాగింది తాగినట్టు పేగును కడిగేస్తుంది. దానికి కొన్ని రోజుల ముందే ఇసబ్‌గోల్, ఐరన్ ఆపమంటారు, జామకాయ, టమాటా గింజలు, గోంగూర కూడా వద్దంటారు, వినండి. ఆస్పిరిన్ లాంటి రక్తం పలుచన చేసే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

పాలిప్ (పేగు లోపలి గోడమీద పెరిగే చిన్న బుడిపె) కనబడితే చాలాసార్లు అక్కడే తీసేస్తారు. కాస్త పెద్దదైతే దాని కింద ఉప్పునీళ్లో, హైయలురోనేట్ లాంటి చిక్కటి ద్రవమో ఎక్కించి గోడనుంచి పైకి లేపి కోస్తారు, చిక్కటిది తొందరగా ఇంకిపోదు కాబట్టి డాక్టర్‌కి టైము దొరుకుతుంది. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల వరకు పడుతుంది, తొందరగా చూపించుకోమని గోల పెట్టేది అందుకే. గడ్డే అయితే ముక్క తీసి బయాప్సీకి పంపుతారు, సీటీ తీస్తారు, మలాశయంలో (పెద్దపేగు చివరి భాగంలో) అయితే ఎంఆర్‌ఐ. పెద్దపేగులో ఉంటే ఎక్కువగా ఆపరేషనే మొదట, లింఫ్ గ్రంథులకు పాకితే తర్వాత కీమో. మలాశయం అయితే చాలామందికి రేడియేషన్, కీమో ముందు ఇస్తారు. మలం పోవడానికి పొట్టమీద సంచీ పెడతారేమోనని భయపడి రాకుండా ఉండేవాళ్లున్నారు, అందరికీ అవసరం పడదు, పెట్టినా చాలాసార్లు కొన్ని నెలలకే.

మీ పెదనాన్నగారికి ఏ వయసులో వచ్చిందో, ఇంట్లో ఇంకెవరికైనా ఉందో పెద్దవాళ్లను అడిగి డాక్టర్‌కి చెప్పండి. ఖర్చు భయం ఉంటే గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్)లో క్యాన్సర్ విభాగం ఉంది, ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో నెట్‌వర్క్ ఆసుపత్రిలో కనుక్కోండి.

ఈలోగా కడుపు ఉబ్బి, గ్యాస్ కూడా పోకుండా వాంతులు మొదలైతే, లేదా రక్తం ధారగా పడి కళ్లు తిరిగితే, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అర్ధరాత్రైనా క్యాజువాల్టీకి వెళ్లండి, ఆ సమయంలో పొట్టూ, విరేచనం మందులూ ఏవీ తాగొద్దు.