రిజర్వ్ జట్టు అంటే బెంచీ మీది ఆటగాళ్ళేనా? యోంగ్ అయాక్స్ ఆటలు చూసిన అనుభవంతో ఒక జవాబు

మీరు రెండు సంగతులు అడిగారు. పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులకు ఉండే రిజర్వ్ జట్టు అంటే ప్రధాన జట్టులో చోటు దక్కనివాళ్ళ సమూహమేనా అన్నది ఒకటి. హైదరాబాదులో బాగా ఆడుతున్న మీ పన్నెండేళ్ళ మేనల్లుణ్ణి యూరప్‌లో ఏదైనా క్లబ్బు అకాడమీలో చేర్పించే మార్గం ఉందా అన్నది రెండవది. నేను ఫుట్‌బాల్ రంగంలో పనిచేసేవాణ్ణి కాను. అమలాపురం దగ్గర పుట్టి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద 2017లో నెదర్లాండ్స్ వచ్చి, ఆమ్‌స్టర్‌డామ్‌ను ఆనుకుని ఉన్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో కాపురం పెట్టినవాణ్ణి. ఇక్కడి అయాక్స్ క్లబ్బు ప్రధాన జట్టు మ్యాచ్‌లకు టికెట్లు దొరకడం కష్టం కావడంతో, ఒక సహోద్యోగి సలహా మీద దాని రిజర్వ్ జట్టయిన యోంగ్ అయాక్స్ ఆటలకు వెళ్ళడం మొదలుపెట్టాను. డచ్ భాషలో యోంగ్ అంటే యువ అని అర్థం. తరువాత టికెట్లు దొరికిన వారాల్లో కూడా చాలాసార్లు ఆ చిన్న జట్టు ఆటకే వెళ్ళాను.

ఆ జట్టు తన సొంత మ్యాచ్‌లను ఎక్కువగా సోమవారం రాత్రుళ్ళు, దె తూకోమ్‌స్ట్ అనే ప్రాంగణంలో ఆడుతుంది. ఆ పేరుకు భవిష్యత్తు అని అర్థం. పక్కనే హైవే, కాస్త దూరంలో ప్రధాన జట్టు ఆడే, సుమారు 55,000 మంది పట్టే యోహాన్ క్రైఫ్ అరేనా కప్పు కనిపిస్తూ ఉంటుంది. ఇక్కడ మాత్రం 2,000 మంది కూర్చుంటే నిండిపోతుంది. చలికాలంలో అక్కడి గాలికి చెవులు తెగిపడతాయేమో అనిపిస్తుంది. ప్రేక్షకుల్లో ఆటగాళ్ళ తల్లిదండ్రులు, పదవీ విరమణ చేసిన పెద్దవాళ్ళు, చేతిలో నోటుబుక్కుతో ఇతర క్లబ్బుల స్కౌట్లు, అంటే కొత్త ఆటగాళ్ళను వెతికేవాళ్ళు, కనిపిస్తారు. ఆ స్కౌట్లు గోల్ పడినప్పుడు తల ఎత్తరు గానీ, ఎవరైనా కుర్రవాడు బంతి అందుకునే ముందు భుజం మీదుగా వెనక్కి చూశాడా లేదా అన్నది మాత్రం రాసుకుంటారు. ఆట ఎలా చూడాలో నేను కొంతవరకు వాళ్ళ పక్కన కూర్చునే నేర్చుకున్నాను.

మీ మొదటి సందేహానికి ఆధారం పాతకాలపు రిజర్వ్ జట్ల పద్ధతి. 2013 వరకు డచ్ క్లబ్బుల రిజర్వ్ జట్లు తమలో తాము వేరే లీగ్ ఆడుకునేవి. ఆ సంవత్సరం ఏర్‌స్టె డివిజి అనే రెండవ స్థాయి వృత్తి లీగ్‌లో వేండమ్, ఎజిఒవివి అనే రెండు క్లబ్బులు దివాలా తీయడంతో ఏర్పడిన ఖాళీ, పెద్ద క్లబ్బులకు కలిసివచ్చింది. యోంగ్ అయాక్స్, యోంగ్ పీఎస్‌వీ, యోంగ్ ట్వెంటె ఆ లీగ్‌లో ప్రవేశించాయి. ట్వెంటె రెండేళ్ళకే తప్పుకుంది, తరువాత ఉట్రెక్ట్, ఏజెడ్ క్లబ్బుల యువ జట్లు వచ్చి చేరాయి. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు తన ఈడువాళ్ళతో ఎన్ని ఆటలు ఆడినా నేర్చుకోలేనిది ఒకటుంది. ముప్పై రెండేళ్ళ ఫార్వర్డ్, ఇంటి వాయిదాలూ పిల్లల చదువూ ఈ ఆట మీదే ఆధారపడ్డ మనిషి, కార్నర్ కిక్ వచ్చినప్పుడు మోచేతిని ఎక్కడ పెడతాడో పెద్దవాళ్ళ లీగ్‌లోనే తెలుస్తుంది. ఇంగ్లండులో ఇప్పటికీ అండర్-21 జట్లకు ప్రత్యేక లీగే ఉంది. స్పెయిన్‌లో మాత్రం రిజర్వ్ జట్టు సొంత ప్రధాన జట్టు కంటే కింది స్థాయిలో ఉన్నంతవరకు పెద్దవాళ్ళ లీగ్‌లలోనే ఆడుతుంది. నాకు స్పెయిన్, నెదర్లాండ్స్ పద్ధతే మేలనిపిస్తుంది.

అయితే దీనికో విచిత్రమైన షరతు ఉంది. యువ జట్టు లీగ్ గెలిచినా పై స్థాయి అయిన ఏరెడివిజికి వెళ్ళకూడదు. నేను వచ్చిన మొదటి సీజన్‌లోనే, అంటే 2017-18లో, మైకెల్ రైజిగర్ శిక్షణలో యోంగ్ అయాక్స్ ఆ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. కప్పు అందుకుంది, అంతే. రెండవ స్థానంలో వచ్చిన ఫోర్ట్యూనా సిట్టార్డ్ పదహారేళ్ళ తరువాత పై లీగ్‌కు చేరుకుంది. పండుగ అంతా ఆ ఊళ్ళోనే జరిగింది. నా సహోద్యోగికి ఇది ఎంతకీ మింగుడుపడలేదు గానీ, గోదావరి డెల్టాలో పెరిగిన నాకు వింతగా తోచలేదు. నారుమడి ఎంత పచ్చగా ఎదిగినా దాన్ని ఎవరూ కోతకు ఉంచరు; ఎదిగిన నారు పీకి పొలంలో నాటడానికే కదా దాన్ని పోసేది. యోంగ్ అయాక్స్ కూడా అంతే. జట్టు కుదురుకుందని అనుకునేసరికి నలుగురు పైకి వెళ్ళిపోతారు, ఇద్దరిని మరో క్లబ్బుకు అరువిస్తారు, పదిహేడేళ్ళవాళ్ళు కిందినుంచి వస్తారు, మరుసటి నెలలో వరుసగా ఓడిపోతుంది.

అందుకని ఆ జట్టును పాయింట్ల పట్టికలో చూస్తే ఏమీ అర్థం కాదు. గోల్‌కీపర్ దూరంగా తన్నేయకుండా పక్కనున్న డిఫెండర్‌కు చిన్న పాస్ ఇవ్వబోయి, ప్రత్యర్థికి బంతి అప్పగించి, గోల్ సమర్పించుకున్న సందర్భాలు లెక్కలేనన్ని చూశాను. ఒక్కసారి కూడా కోచ్ ఆ పాస్ మానెయ్యమని అరవగా వినలేదు, ఎందుకంటే ప్రధాన జట్టులో అడుగుపెట్టిన రోజు ఆ కుర్రవాడు అదే పాస్ ఇవ్వాలి. పిల్లల జట్ల నుంచి పైదాకా క్లబ్బు అంతటా ఒకే తీరు ఆట నేర్పాలన్నది అయాక్స్ పాత సంప్రదాయం. ఆటగాణ్ణి ఎంచేటప్పుడు చూసే నాలుగు గుణాలకు కూడా వాళ్ళకు చాలాకాలంగా ఒక వరుస ఉంది: నైపుణ్యం, ఆట మీద అవగాహన, వ్యక్తిత్వం, వేగం. వేగం చివర ఉండడం గమనించండి. మన దగ్గర పాఠశాల జట్టుకు ముందుగా ఎంపికయ్యేది పరుగెత్తేవాడే.

ఒక జట్టు నుంచి మరో జట్టుకు ఎక్కడం కూడా ఒక్కసారిగా జరిగే పని కాదు. ర్యాన్ గ్రావెన్‌బెర్ఖ్ 2018 సెప్టెంబరులో 16 ఏళ్ళ 130 రోజుల వయసులో ప్రధాన జట్టు తరఫున ఏరెడివిజి ఆడి, అంత చిన్న వయసులో ఆడినవాడిగా క్లారెన్స్ సేడోర్ఫ్ పేరిట ఉన్న క్లబ్బు రికార్డును చెరిపేశాడు. ఆ తరువాత కూడా దాదాపు రెండేళ్ళపాటు యోంగ్ అయాక్స్‌కు ఆడుతూనే ఉన్నాడు. రిజర్వ్ జట్టుకు తిరిగి రావడాన్ని అక్కడ దిగజారడంగా లెక్కించరు. గాయం నుంచి కోలుకుంటున్న సీనియర్ ఆటగాళ్ళు కూడా ఒక సోమవారం వచ్చి గంటసేపు ఆడి వెళ్తారు. దీనివల్ల ఇతర క్లబ్బుల అభిమానులకు ఒళ్ళు మండుతుంది, అందులో న్యాయం లేకపోలేదు: ఒక వారం వాళ్ళ జట్టు ఎదుట లక్షల యూరోల జీతగాళ్ళు ముగ్గురు ఉంటారు, మరుసటి వారం వాళ్ళ పోటీదారు ఎదుట అందరూ పసివాళ్ళే ఉంటారు.

క్లబ్బు ఇంత ఖర్చు ఎందుకు పెడుతుందో చెప్పడానికి 2019 ఒక్కటి చాలు. ఆ వేసవిలో ఫ్రెంకీ డి యోంగ్ బార్సిలోనాకు, మథైస్ డి లిఖ్ట్ యువెంటస్‌కు వెళ్ళారు. ఒక్కొక్కరికి 75 మిలియన్ల యూరోల చొప్పున వచ్చాయి. అయితే వీళ్ళిద్దరి దారులు వేరు. డి లిఖ్ట్ తొమ్మిదేళ్ళ వయసులో పక్క ఊరు ఆబ్‌కౌడె క్లబ్బు నుంచి అకాడమీకి వచ్చినవాడు. డి యోంగ్ పద్దెనిమిదేళ్ళు నిండాక, 2015లో, విల్లెమ్-2 క్లబ్బు నుంచి లాంఛనంగా ఒక్క యూరోకు వచ్చి, యోంగ్ అయాక్స్‌లో పదునెక్కినవాడు. చిన్నప్పుడే అకాడమీలో చేరకపోతే తలుపులు మూసుకుపోతాయన్న భయం అంత నిజం కాదని దీనివల్ల మీకు అర్థమవుతుంది.

ఇక మీ మేనల్లుడి విషయం. మన ఊళ్ళలో అకాడమీ అనగానే హాస్టల్ గుర్తొస్తుంది గానీ, ఇక్కడి పిల్లలు చాలావరకు ఇంటి నుంచే వచ్చిపోతారు; దూరంవాళ్ళు స్థానిక కుటుంబాల దగ్గర ఉంటారు. చేరేది దరఖాస్తు పెట్టి కాదు. దాదాపు ప్రతి పేటలోనూ ఒక ఔత్సాహిక క్లబ్బు ఉంటుంది, మా అబ్బాయి కూడా అలాంటి దాంట్లోనే శనివారాలు ఆడతాడు. తల్లిదండ్రులం వంతులవారీగా క్యాంటీన్‌లో కాఫీలు పోస్తాం. (నా కాఫీ మీద ఫిర్యాదులు ఉన్నాయి.) పెద్ద క్లబ్బుల స్కౌట్లు ఆ మైదానాల గట్ల మీదే తిరుగుతుంటారు. మా వీధిలో ఒక పిల్లవాణ్ణి తొమ్మిదేళ్ళప్పుడు ఒక వృత్తి క్లబ్బు అకాడమీ అలాగే ఏరుకుంది, దాని పేరు ఇక్కడ అనవసరం. నాలుగేళ్ళపాటు వాళ్ళ నాన్నగారు వారానికి నాలుగు సాయంత్రాలు కారు నడిపారు. పదమూడో ఏట, వసంతకాలంలో, పావుగంట సమావేశంలో వచ్చే సంవత్సరం వద్దన్నారు. ప్రతి సీజన్ చివర ఇలాంటి వడపోత ఉంటుందని మొదటి రోజే చెబుతారు, అయినా ఆ ఇంట్లో రెండు నెలలు ఎవరూ ఫుట్‌బాల్ మాట ఎత్తలేదు. ఆ అబ్బాయి ఇప్పుడు మా క్లబ్బులోనే ఆడుతూ, శనివారాలు చిన్నపిల్లల ఆటలకు రిఫరీగా ఉంటున్నాడు.

హైదరాబాదు నుంచి నేరుగా చేర్పించడానికి పెద్ద అడ్డంకి ఫిఫా నియమం. పద్దెనిమిదేళ్ళు నిండని ఆటగాణ్ణి మరో దేశపు క్లబ్బులో నమోదు చేయడం సాధారణంగా నిషిద్ధం. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారడం ముఖ్యమైన మినహాయింపు. పదహారేళ్ళు దాటాక వర్తించే మరో మినహాయింపు యూరోపియన్ యూనియన్, దాని పరిసర ఒప్పంద దేశాల లోపలి బదిలీలకే. ఉద్యోగాల మీద వచ్చిన మాలాంటి కుటుంబాల పిల్లలకు దారి ఉంది, ఒంటరిగా పంపే పిల్లవాడికి లేదు. పద్దెనిమిది దాటాక కూడా, యూరోపియన్ యూనియన్ బయటి ఆటగాడికి డచ్ క్లబ్బు చాలా ఎక్కువ కనీస జీతం ఇవ్వాలి కాబట్టి, ఎవరో తెలియని కుర్రవాడి మీద అంత పందెం కాయరు.

కిందటి సంవత్సరం హైదరాబాదు నుంచి ఒక బంధువు, ఆమ్‌స్టర్‌డామ్‌లో అకాడమీ ఎంపిక అంటూ ఒక ఏజెంట్ పంపిన కరపత్రాన్ని నాకు వాట్సాప్‌లో పంపి విచారించమన్నారు. చూస్తే అది పది రోజుల శిక్షణ శిబిరం. డబ్బు కడితే ఎవరినైనా తీసుకుంటారు, ఎంపికతో సంబంధం లేదు. శిబిరంగా అందులో తప్పేమీ లేదు, కానీ చెప్పింది వేరు, అమ్మింది వేరు. అంత డబ్బు పెట్టే ముందు మీ మేనల్లుడు ఆడుతున్న క్లబ్బు అతని పేరును అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య రిజిస్ట్రేషన్ వ్యవస్థలో సరైన పుట్టిన తేదీతో నమోదు చేసిందో లేదో చూడండి. ఆటగాడు పన్నెండో పుట్టినరోజు జరుపుకున్న క్యాలెండర్ సంవత్సరం నుంచి ఏ క్లబ్బులో ఉన్నాడన్న రికార్డు తరువాత బదిలీల్లో అడుగుతారు, శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు రావలసిన వాటా కూడా దాని మీదే లెక్కకడతారు. అతని వయసుకు ఆ లెక్క ఇప్పటికే మొదలైంది.