ఏటీ కొడితే ఓకే రావడం లేదు

ప్రశ్న: సార్, నేను డిప్లొమా ఈసీఈ చివరి సంవత్సరం, మాది అనంతపురం జిల్లా. పొలంలో బోరు దగ్గరికి కరెంటు రాగానే నాన్న ఫోనుకి మెసేజ్ వెళ్లేలా ప్రాజెక్టు చేస్తున్నా. ఆర్డుయినోకి (ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డు) సిమ్ పెట్టి మెసేజ్‌లు పంపే సిమ్800ఎల్ మాడ్యూల్ కలిపాను. కంప్యూటర్‌లో బోర్డుతో మాట్లాడే కిటికీ, అదే సీరియల్ మానిటర్‌లో, ఏటీ అనే ఆజ్ఞ కొడితే నేను కొట్టిన ఏటీయే మళ్లీ కనిపిస్తోంది తప్ప ఓకే రావడం లేదు. మాడ్యూల్ పోయిందా? షాపువాళ్లు వెనక్కి తీసుకోం అంటున్నారు.

జవాబు: పోలేదు, షాపువాళ్లతో గొడవ ఆపండి. మీరు రాసిన దాంట్లోనే జవాబు ఉంది. ఆర్డుయినో సీరియల్ మానిటర్ మనం పంపింది తనంతట తాను చూపించదు, కాబట్టి కింద కనిపించే ఆ ఏటీని మాడ్యూలే తిరిగి పంపుతోంది, అంటే ఆర్‌ఎక్స్ (అందుకునే), టీఎక్స్ (పంపే) వైర్లు సరిగ్గానే పెట్టారు, స్పీడ్ కూడా కుదిరింది. లేనిదల్లా ఎంటర్. మీరు ఎంటర్ నొక్కుతున్నారు, నిజమే, కానీ మానిటర్‌లో 'నో లైన్ ఎండింగ్' అని ఉంటే ఆ నొక్కు మాడ్యూల్ దాకా వెళ్లదు. అది ఇంకా ఏదో చెబుతారని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఆ సెట్టింగ్‌ని ఎంటర్‌ని కూడా పంపే 'బోత్ ఎన్‌ఎల్ అండ్ సీఆర్'కి మార్చి మళ్లీ కొట్టండి.

ఈ ఏటీ ఈనాటిది కాదు. 1981లో అమెరికాలో ఫోన్ లైను మీద కంప్యూటర్లని కలిపే హేస్ స్మార్ట్‌మోడెమ్ వచ్చింది, సెకనుకు 300 బిట్లు, అంతే. డేటా వెళ్లే తీగ మీదే ఆజ్ఞలూ వెళ్లాలి కాబట్టి 'ఇటు విను' అన్నట్టు ముందు అటెన్షన్‌లోని ఏటీ పెట్టారు. టోన్‌తో డయల్ చేయాలంటే ఏటీడీటీ, పల్స్‌తో డయల్ చేసే పాత ఎక్స్ఛేంజీ అయితే చివరి టీ బదులు పీ. మీ చేతిలోని మాడ్యూల్‌కీ ఏటీడీ అంటే డయల్, ఏటీహెచ్ అంటే ఫోన్ పెట్టెయ్యడం!

ఓకే వచ్చాక సిమ్ సిద్ధంగా ఉందా అని అడిగే ఏటీ+సీపీఐఎన్? కొట్టండి, రెడీ అనాలి. తర్వాత ఏటీ+సీఆర్‌ఈజీ? అడిగితే 0,1 వస్తే నెట్‌వర్క్ దొరికినట్టు, రోమింగ్ అయితే 0,5. రెండూ రాకపోతే ముందు సిమ్ చూడండి. ఈ మాడ్యూల్‌కి 2జీ తప్ప ఏమీ రాదు, జియోకి 2జీయే లేదు, ఆ సిమ్ పెట్టి రాత్రంతా టెన్షన్ పడ్డవాళ్లని నేను చాలామందిని చూశాను.

మెసేజ్‌కి ముందు మామూలు అక్షరాల్లో పంపడానికి ఏటీ+సీఎంజీఎఫ్=1, ఆ తర్వాత ఏటీ+సీఎంజీఎస్= అని కోట్స్‌లో నాన్నగారి నంబరు. బాణం ముక్కులాంటి గుర్తు వస్తుంది, అప్పుడు మెసేజ్ రాయాలి. ఇక్కడ ఎంటర్ కొడితే పోదు, కంట్రోల్ జెడ్ కావాలి. సీరియల్ మానిటర్‌లో అది కొట్టడం కుదరదు కాబట్టి ప్రోగ్రామ్‌లోనే 26 అనే బైట్ పంపించండి.

మెసేజ్ పంపబోతుంటే మాడ్యూల్ ఆగి మళ్లీ మొదటినుంచి మొదలైతే కోడ్‌ని తిట్టకండి, అది కరెంటు తిప్పలు. సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, ఆర్డుయినో పిన్ అంత ఇవ్వలేదు. పైగా దానికి 3.4 నుంచి 4.4 వోల్టులే కావాలి, 5 ఇవ్వకూడదు. మంచి లిథియం సెల్ ఒకటి, పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, పొట్టిగా లావుపాటి వైర్లు. గ్రౌండ్ మాత్రం ఆర్డుయినోతో కలపడం మర్చిపోవద్దు.

ఇంట్లో అన్నీ పనిచేశాక బోరు దగ్గర ఏటీ+సీఎస్‌క్యూ కొట్టి చూడండి. మొదటి అంకె 31 అయితే సిగ్నల్ బ్రహ్మాండం, 10 లోపు అయితే కష్టం, 99 అంటే దానికే తెలియదు. స్టార్టర్ పెట్టె ఇనుముది కదా, యాంటెన్నాని లోపల పెట్టి తలుపు మూయకండి, బయటికి తీయండి.