ఫ్రెండ్ బ్యాచిలరెట్ ట్రిప్ మొత్తం నా నెత్తిన పడింది, డబ్బులడగాలంటే నోరు రావట్లేదు

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అసలు సంగతి రెండోసారి చదివినప్పుడే కనపడింది, అది కాసేపాగి చెప్తాను.

ముందు చదివేవాళ్ళ కోసం నీ విషయం క్లుప్తంగా. నీకు 27 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంటర్ నుంచి ప్రాణంగా ఉన్న ఫ్రెండ్‌కి మాఘమాసంలో పెళ్లి. పెళ్లికి ముందు అమ్మాయిలందరం గోవా వెళ్దాం అని ఎవరో అన్నారు, అందరూ ఎగిరి గంతేశారు, వాట్సాప్ గ్రూప్ నువ్వు పెట్టావు కాబట్టి పని కూడా నీదే అయిపోయింది. పెళ్లికూతురితో కలిపి 14 మంది, విజయవాడ ఇంటర్ ఫ్రెండ్స్, ఇంజినీరింగ్ బ్యాచ్, బెంగళూరు ఆఫీస్ వాళ్ళు, ఆమె పెద్దమ్మ కూతుళ్ళు ఇద్దరు. క్రిస్మస్ అయిన వెంటనే మూడు రాత్రులకి 84 వేల విల్లా మాట్లాడి, సగం అంటే 42 వేలు నీ క్రెడిట్ కార్డు మీద కట్టేశావు. తలకి 15 వేలనుకున్నది 22 వేలైంది, ఇప్పటిదాకా డబ్బు పంపింది ముగ్గురే, ఇద్దరు మెసేజ్ చూసి కూడా పలకట్లేదు, ఒకమ్మాయికి ఏడు నెలల పాప ఉంది, పెళ్లికూతురి అమ్మగారు "పెళ్లి పెట్టుకుని ఊళ్ళు తిరగడమేంటి" అంటున్నారు, పెళ్లికూతురేమో ఏది అడిగినా "మీ ఇష్టమే" అంటోంది. జ్వరమొచ్చిందని చెప్పి నేనే మానేస్తే బావుండు అనిపిస్తోంది అని రాశావు.

ఇప్పుడు నేను చెప్తానన్నది. ఇంత పెద్ద ఉత్తరంలో ఎవరెవరికి ఏ ఇబ్బందో అంతా రాశావు, పాప ఉన్న ఫ్రెండ్ గురించి రాశావు, ఉద్యోగం మారుతున్న అమ్మాయి గురించి రాశావు, చివర్లో ఒకే ఒక్క వాక్యంలో, అదీ "ఇది పెద్ద విషయం కాదులెండి" అని మొదలుపెట్టి, నాన్నగారి ఆపరేషన్‌కి తీసుకున్న లోన్ ఈఎమ్ఐ నువ్వే కడుతున్నావని, ఈ నెల కార్డు బిల్లు ఎలా కట్టాలో తెలియట్లేదని రాశావు. తల్లీ, అదే పెద్ద విషయం. ఈ 14 మందిలో 22 వేలు పెట్టలేని మొదటి మనిషివి నువ్వే, ఆ మాట పైకి అనలేకే మిగతావాళ్ళని గట్టిగా అడగలేకపోతున్నావని నాకనిపిస్తోంది, ఎందుకంటే అడిగితే వాళ్ళు "ఇంత ఖర్చా" అంటారు, అంటే నీ మనసులో ఉన్న మాటే వాళ్ళ నోట వినాల్సొస్తుంది.

దీనికి సిగ్గుపడాల్సిందేం లేదు. ఇంట్లో పెద్దాయనకి బాలేకపోతే ఆ ఇంటి బరువు మోస్తున్న పిల్లవి నువ్వు. ముందు ఆ కార్డు సంగతి చూడు, బిల్లు డ్యూ డేట్ లోపు మొత్తం కట్టకుండా మినిమం డ్యూ కట్టి మిగతాది వదిలేస్తే చాలా కార్డుల మీద నెలకి మూడు నుంచి నాలుగు శాతం దాకా వడ్డీ పడుతుంది, ఏడాది లెక్కన చూస్తే దాదాపు 40 శాతం, అంత వడ్డీ కట్టి గోవా వెళ్లొచ్చిన ఆనందం మార్చి దాకా కూడా మిగలదు. విల్లా బుకింగ్ మెయిల్ తీసి క్యాన్సిల్ చేస్తే ఏ తారీకు లోపైతే ఎంత తిరిగొస్తుందో ఇవాళే చూడు, వాళ్ళకి ఫోన్ చేసి డేట్లు మార్చుకోవచ్చా అని కూడా అడుగు. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా గోవాలో రేట్లు ఏడాది మొత్తం మీద ఎక్కువుండే రోజులు, నీ 15 వేలు 22 వేలవడానికి సగం కారణం అదే, నీ ప్లానింగ్ చేతకాక కాదు.

రెండోది పెళ్లికూతురి "మీ ఇష్టమే". మన ఇళ్ళల్లో పెరిగిన ఆడపిల్లలకి ఆ మాట చిన్నప్పట్నుంచీ అలవాటు, చీర కొనేటప్పుడూ అదే, సంబంధం చూసేటప్పుడూ అదే. ఆ మాట వెనక ఒప్పుకోవడం ఉండొచ్చు, భయం ఉండొచ్చు, ఊరికే అలసట కూడా ఉండొచ్చు. 14 మంది ఉన్న గ్రూపులో ఆమె ఇంకేం చెప్పగలదు, అందరూ తన కోసమే ఉత్సాహపడుతుంటే నాకు గోవా వద్దు అనగలదా? కాబట్టి గ్రూపులో అడగొద్దు, ఫోన్‌లో కూడా వద్దు, ఆదివారం పొద్దున ఇద్దరే టిఫిన్‌కి వెళ్ళండి. అక్కడ మూడు విషయాలు అడుగు. ఎవరు లేకపోతే నీకు ఈ ట్రిప్ ట్రిప్‌లా అనిపించదు? రాత్రి బయట ఉండటం నీకు ఓకేనా, ఇంట్లో నిజంగా ఏమంటున్నారు? గోవా కాకపోతే నీకు బాధగా ఉంటుందా? మొదటి ప్రశ్నకి ఆమె 13 పేర్లు చెప్పదు, ఐదో ఆరో చెప్తుంది, నా దగ్గరికి ఇలాంటి గొడవలతో వచ్చిన పెళ్లికూతుళ్ళు ఎవరూ ఏడు దాటి చెప్పలేదు.

అప్పుడే నీ సంగతి కూడా చెప్పెయ్. "నాన్న లోన్ వల్ల నాకు ఇప్పుడు కష్టంగా ఉందే" అను, అంతకన్నా పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. పదేళ్ళ స్నేహం, ఆ ఒక్క మాట మోయలేదనుకుంటున్నావా? నువ్వు జ్వరం అని అబద్ధం చెప్పి మానేస్తే, ఆమెకి ఆ రోజు బాధ, తర్వాతెప్పుడో నిజం తెలిసిన రోజు అంతకి రెండింతల బాధ, నాకు చెప్పుకోలేనంత దూరమా నేను అని.

ఇక అమ్మగారు. ఆవిడ మాటని పాతకాలం చాదస్తం అని గ్రూపులో ఎవరో అన్నారని రాశావు, దయచేసి అలా తీసిపారెయ్యొద్దు. పెళ్లికూతుర్ని చేశాక ఊరి పొలిమేర దాటనివ్వకపోవడం మనవైపు చాలా ఇళ్ళల్లో ఉన్న పద్ధతే, పసుపు దంచడం దగ్గర్నుంచే జాగ్రత్తగా ఉండేవాళ్ళూ ఉన్నారు. ఆవిడ భయం పద్ధతి గురించో, మగపెళ్లివారు ఏమంటారోననో, పిల్ల దారిలో ఎక్కడ పడుతుందోననో ఉంటుంది, మూడింటికీ జవాబులు వేరు. నువ్వొకసారి ఇంటికెళ్ళి "ఆంటీ, పసుపు దంచే ముందే వెళ్లొచ్చేస్తాం, ఫలానా ట్రైన్, ఫలానా చోట ఉంటాం, ఇదిగో మా ఇద్దరి నంబర్లు" అని కూర్చుని చెప్పు. ఆవిడకి డేట్లు, అడ్రస్, ఎవరెవరొస్తున్నారో తెలిస్తే సగం కోపం అక్కడే తగ్గుతుంది. అబద్ధం మాత్రం చెప్పొద్దు, ఆఫీస్ ట్రిప్ అనీ అదనీ, పెద్దమ్మ కూతుళ్ళు గ్రూపులో ఉన్నాక ఏదీ దాగదు.

ఆ అక్కచెల్లెళ్ళ గురించి నాదో మాట. వాళ్ళని అదే విల్లాలో పెడితే ఫ్రెండ్స్ బిగుసుకుపోతారు, ఎవరైనా మందు తాగితే వాళ్ళకి ఇబ్బంది, వాళ్ళు చూశారేమోనని వీళ్ళకి ఇబ్బంది, మధ్యలో పెళ్లికూతురు నలిగిపోతుంది. వాళ్ళకి వేరేగా హైదరాబాద్‌లోనే ఒక సాయంత్రం పెట్టండి, ఇంట్లో మెహందీ పెట్టుకుని, బిర్యానీ తెప్పించుకుని, అమ్మగారు కూడా కూర్చునేలా. పాప ఉన్న ఫ్రెండ్ కూడా పాపని ఎత్తుకుని దానికి రాగలదు, విమానాలెక్కి మూడు రాత్రులు రాలేదు.

డబ్బు లెక్క ఎక్కడ తప్పిందో చూద్దాం, దీంట్లోనే చాలా గ్రూపులు విరిగిపోతాయి. విల్లా 84 వేలు, మూడ్రోజుల టెంపో ట్రావెలర్ 33 వేలు, మొత్తం 1,17,000. పెళ్లికూతురి వాటా మీరే పంచుకుంటున్నారు కాబట్టి 13 మందికి తలకి 9 వేలు. రేపు నలుగురు మానేస్తే అదే 1,17,000 తొమ్మిది మందికి పడుతుంది, తలకి 13 వేలు, మనుషులు తగ్గారని విల్లా వాడు అద్దె తగ్గించడు కదా. టికెట్, తిండి, షాపింగ్ ఎవరిది వాళ్ళది, మనిషి మానేస్తే ఆ ఖర్చూ పోతుంది. కానీ ఇల్లు, బండి అలా కాదు, ఒకరు మానేస్తే మిగిలినవాళ్ళ మీద పడుతుంది. మీరు ఈ రెండూ కలిపేసి తలకి ఇంత అనేశారు, అందుకే లాస్ట్ మినిట్‌లో మానేసినా ఎవరికీ నష్టం లేదులే అని అందరూ అనుకుంటున్నారు. ఇల్లు, బండి డబ్బు ముందే రావాలి, అది ఇచ్చాక మానేస్తే తిరిగి రాదు, ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది, ఇప్పుడైనా చెప్పాలి.

ఇంకోటి, బడ్జెట్ గురించి గ్రూపులో పోల్ పెట్టానన్నావు, 20 వేలు ఓకే అని పదకొండుమంది నొక్కారన్నావు. వాట్సాప్ పోల్‌లో ఎవరు ఏది నొక్కారో అందరికీ కనపడుతుంది కదమ్మా. అమెరికా వెళ్లే ఫ్రెండ్ ముందు, పెద్ద ప్యాకేజీ ఉన్న బెంగళూరు వాళ్ళ ముందు, నాకు 8 వేలే వీలవుతుంది అని ఎవరు నొక్కుతారు? నువ్వు కూడా 20 వేలే నొక్కి ఉంటావు. డబ్బు సంగతి ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి అడుగు, "నువ్వు హాయిగా పెట్టగలిగింది ఎంత, ఇంకెవరికీ చెప్పను" అని, వచ్చిన వాటిలో అన్నిటికన్నా చిన్న అంకె ఏదో దాన్నిబట్టి ట్రిప్ కట్టు. ఎక్కువున్నవాళ్ళు మంచి టికెట్ కొనుక్కుంటారు, కేక్ వాళ్ళు తెస్తారు, అది వాళ్ళిష్టం.

పెళ్లికూతురితో మాట్లాడాక గ్రూపులో ఈ మెసేజ్ పెట్టు, నీ మాటల్లోకి మార్చుకో కానీ మెత్తబరచకు: "గర్ల్స్, డేట్లు, ప్లేస్ ఫైనల్ అయ్యాయి. రూములు, బండికి తలకి ఇంత, శుక్రవారం రాత్రి లోపు పంపండి, పంపినవాళ్ళ లెక్కతోనే బుక్ చేస్తున్నా, తర్వాత మానేస్తే ఆ డబ్బు తిరిగి ఇవ్వలేను. రాలేనివాళ్ళు రాలేను అని ఒక్క మాట చెప్పండి చాలు, కారణం అడగను, పెళ్లిలో ఎలాగూ కలుస్తాం. నా కార్డు మీద ఇంకేమీ బుక్ చెయ్యట్లేదు." ఆ చివరి లైన్ తప్పకుండా ఉండాలి. పలకని ఆ ఇద్దరికి శనివారం మళ్ళీ మెసేజ్ చెయ్యొద్దు, వాళ్ళు రానట్టే. కోపం కూడా పెట్టుకోకు, నీలాగే వాళ్ళ ఇంట్లో కూడా ఏదో ఉండొచ్చు.

గోవా తప్పనడం లేదు. పెళ్లికూతురికి సముద్రం ఒక్కటే కావాలంటే మాత్రం విశాఖ గురించి ఆలోచించండి అంటాను, నా ఊరని కాదు, మీ గ్రూప్‌కి సరిపోతుందని. సికింద్రాబాద్ నుంచి వందే భారత్‌లో ఎనిమిదిన్నర గంటలు, అది విజయవాడలో ఆగుతుంది కాబట్టి మీ ఇంటర్ ఫ్రెండ్స్ అదే ట్రైన్ ఎక్కేస్తారు, సగం ట్రిప్ ట్రైన్‌లోనే అయిపోతుంది, బెంగళూరు వాళ్ళకి విశాఖకి డైరెక్ట్ విమానాలున్నాయి. గోవాకైతే రెండు ఎయిర్‌పోర్టులు, డబోలిం ఒకటి, ఉత్తరాన మోపా ఒకటి, హైదరాబాద్ వాళ్ళు ఒకచోట, బెంగళూరు వాళ్ళు ఇంకోచోట దిగితే అక్కడ్నుంచే టాక్సీల ఖర్చు, ఎదురుచూపులు. విశాఖలో ఒక రోజు రుషికొండ, ఇంకో రోజు అరకు, నూట పదిహేను కిలోమీటర్ల ఘాట్ దారి, డిసెంబర్‌లో చలి బాగుంటుంది, దారిలో బొర్రా గుహలు. వారాంతాల్లో అరకులో రూములు దొరకడం కష్టం, పొద్దున వెళ్ళి రాత్రికి విశాఖ వచ్చెయ్యండి. ట్రైన్ టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తారు, ఒక టికెట్ మీద ఆరుగురికి మించి పట్టరు, కాబట్టి ఎనిమిది మందైనా రెండుసార్లు బుక్ చెయ్యాలి, ఆ రెండోది ఇంకో అమ్మాయిని చెయ్యమను, డబ్బు తనే పెట్టి తనే వసూలు చేసుకుంటుంది. పనులు పంచడం అంటే "హెల్ప్ కావాలి" అని గ్రూపులో అరవడం కాదు, ఫలానా పని ఫలానా మనిషిదని పేరు పెట్టి అప్పజెప్పడం. ఖర్చులు రాయడానికి స్ప్లిట్‌వైజ్ లాంటి యాప్ ఏదైనా పెట్టుకోండి, అది కూడా నువ్వు చూడకు, లెక్కలంటే ఇష్టమున్న పిల్ల ప్రతి బ్యాచ్‌లో ఒకతి ఉంటుంది.

వెళ్లాక ఫోటోల గురించి ముందే ఒక మాట అనుకోండి. పెళ్లికూతురు చూసి సరే అన్నాకే ఎవరైనా ఇన్‌స్టాలో పెట్టాలి, అదీ తిరిగొచ్చాకే. అటువైపు ఆడపడుచు చూస్తుందనో ఎవరో ఏదో అంటారనో ఆ పిల్ల ప్రతి రీల్‌కీ ఉలిక్కిపడుతుంటే ఇంక ట్రిప్ ఎందుకు. రాత్రి పూట ఎవరూ ఒంటరిగా బీచ్‌కి వెళ్ళొద్దు, అలలో దిగొద్దు, ఇది మీరు పెద్దవాళ్ళైనా చెప్తున్నాను, విశాఖ సముద్రం చూడ్డానికున్నంత మెత్తగా ఉండదు.

ఇవన్నీ చేశాక కూడా ఆమెకి గోవానే కావాలంటే, అది నీ చేతికందని ఖర్చైతే, నువ్వు వెళ్లకు. ఎవరో మంచి మనసుతో నీ వాటా కడతామన్నా, అది నీకు తేలిగ్గా అనిపిస్తేనే ఒప్పుకో, లేకపోతే వద్దని చెప్పడం నీ హక్కు. ప్లాన్ అంతా కాగితం మీద పెట్టి ఇంకొకరికి అప్పజెప్పి, హైదరాబాద్‌లో పెట్టే మెహందీ సాయంత్రం నువ్వు చూసుకో.

ఈ ఆదివారం టిఫిన్‌కి వెళ్ళు. ఆమె ఏమందో రాయి, విల్లా వాళ్ళు ఎంత వెనక్కి ఇస్తామన్నారో అది కూడా రాయి, నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉందో మాత్రం ఈసారి చివర్లో కాకుండా మొదట్లోనే రాయి.