పాలీకీటాలో కీటకం ఉందా?

సందేహం: మా పాప డిగ్రీలో జువాలజీ చదువుతోంది. 'పాలీకీటా' అంటే 'చాలా కీటకాలు' అని నోట్సులో రాసుకుంది. సరైనదేనా? సముద్రంలో ఉండే ఈ పురుగుల్ని 'వెంట్రుకల పురుగులు' అనవచ్చా? మా కళింగపట్నం వైపు వానపాముని ఎర్ర అంటాం. 'సముద్రపు ఎర్ర' అంటే తప్పా?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: ఆ 'కీటా'కి మన కీటకంతో ఏ చుట్టరికమూ లేదు. కీటకం సంస్కృతం నుంచి వచ్చింది. కీటా గ్రీకు మాట. గ్రీకులో 'ఖైటే' అంటే జూలు, పొడవాటి జుట్టు. పాలీ అంటే అనేకం. మీ పాప పొరబడడంలో వింత లేదు, తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

జుట్టు అన్నాం కదా అని 'వెంట్రుకల పురుగు' అనకండి. వెంట్రుక పాలిచ్చే జంతువులది. ఈ పురుగుల ఒంటి మీద ఉన్నవి కైటిన్‌తో తయారైన సన్నటి ముళ్ళు. రొయ్య పెంకులో ఉండేదీ ఆ కైటినే. మన పాఠ్యపుస్తకాలు వీటిని 'శూకాలు' అన్నాయి. ఎంత చక్కటి మాట! శూకమంటే ధాన్యపు వెన్ను మీది వాడి ముల్లు. వరినీ యవల్నీ శూకధాన్యాలు అన్నది అందుకే. మీసాలున్న గంటె (సజ్జ) వెన్నుని కొన నుంచి మొదలు వైపు అరచేత్తో రాసి చూడమనండి, ఆ గరుకే శూకం. ఈ పురుగు ఒళ్ళంతా ఉంగరాలు పేర్చినట్టు ఖండితాలు. ఒక్కో ఖండితానికి అటొకటి ఇటొకటి కండగల పార్శ్వపాదాలు. వాటిలో పైతమ్మె, కిందితమ్మె. సాధారణంగా రెంటి నుంచీ శూకాలు కుచ్చుగా బయటికొస్తాయి.

ఆ శూకమే ఒక జీవి గోత్రం తేల్చింది. 1977లో పసిఫిక్ మహాసముద్రంలోని గాలపాగోస్ దీవుల దగ్గర సుమారు 2,500 మీటర్ల లోతున, వేడినీటి ఊటల పక్కన, మనిషిని మించిన పొడవున్న గొట్టపు పురుగులు కనిపించాయి. నోరు లేదు, పేగు లేదు, ఒంట్లో కాపురమున్న బాక్టీరియాయే వాటికి తిండి పెడుతుంది. చాలాకాలం వాటిని వేరే వర్గంగా లెక్కించారు. కానీ గొట్టం అడుగున దాగిన తోకభాగంలో ఖండితాలూ ఉన్నాయి, శూకాలూ ఉన్నాయి. తర్వాత డీఎన్‌ఏ కూడా అదే చెప్పింది. ఇప్పుడవి పాలీకీటాల మధ్యే ఒక కుటుంబం.

పాత పుస్తకాలు పాలీకీటాల్ని తిరిగేవి, గొట్టంలోనో బొరియలోనో కుదురుగా ఉండేవి అని రెండుగా విడదీశాయి. నాకైతే 'జంగమాలు', 'స్థావరాలు' అనడమే ఇష్టం, మన నోట ఎప్పుడూ జంటగా ఆడే మాటలు కదా.

ఇక మీ ఎర్ర సంగతి. వానపాముని తోక నుంచి తల వైపు వేలితో మెల్లగా రాస్తే సన్నగా గరుకు తగులుతుంది. అవీ శూకాలే, కాకపోతే కొద్దిగా ఉంటాయి. వానపాముల గుంపుకి పెట్టిన ఆలిగోకీటా అనే పేరుకి అర్థం అదే. ఇప్పటి డీఎన్‌ఏ పరిశోధనలు వానపాముల్నీ జలగల్నీ కూడా పాలీకీటాల వంశవృక్షంలోనే, అదీ స్థావరాల కొమ్మ మీదే కూర్చోబెట్టాయి. కాబట్టి 'సముద్రపు ఎర్ర' అన్న మీ మాట చుట్టరికం ప్రకారం తప్పు కాదు. పత్రికకి రాసినా, పిల్లలకి చెప్పినా నిస్సంకోచంగా వాడండి. పరీక్షలో మాత్రం మీ పాపని 'పాలీకీటా' అనే రాయమనండి, పక్కన అర్థంగా 'అనేక శూకాలు గలవి' అని చేర్చమనండి.